నడిపించి చూసిన గుండె

2004లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో హైదరాబాద్ నుంచి వెళ్లిన అయిదు పేజీల వ్యాసం ఒకటి అచ్చయింది. రాసినవారు కేర్ ఆసుపత్రి గుండె వైద్యులు బి.కె.ఎస్. శాస్త్రి, సి. నరసింహన్, ఎన్.కె. రెడ్డి, బి. సోమరాజు. పరీక్షకు ఒప్పుకున్న రోగులు 22 మంది. అందరిదీ ఒకటే జబ్బు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం మోసుకెళ్లే నాళాలు సన్నబడి, గట్టిపడి, వాటిలో ఒత్తిడి విపరీతంగా పెరిగిపోయింది. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ కాదిది. డాక్టర్లు దీన్ని పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఊపిరితిత్తుల బీపీ అంటారు.

ఆ 22 మందినీ ట్రెడ్‌మిల్ ఎక్కించారు. మందు లేని మాత్ర వేసుకున్న ఆరు వారాల చివర వాళ్లు సగటున 475 సెకన్లు నడవగలిగారు. సిల్డెనాఫిల్ మాత్ర వేసుకున్న ఆరు వారాల చివర అదే మనుషులు 686 సెకన్లు నడిచారు. అంటే దాదాపు ఎనిమిది నిమిషాల నడక పదకొండున్నర నిమిషాలయింది. చిత్రమేమిటంటే, ఎకోలో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్షలో చూసిన ఒత్తిడి మాత్రం పెద్దగా కదల్లేదు. 105 మిల్లీమీటర్ల (పాదరసం) దగ్గర ఉన్నది 98 దగ్గరికి వచ్చింది, అంతే. లెక్కలు కట్టేవాళ్ల దృష్టిలో అది తగ్గినట్టే కాదు. ఒత్తిడి తగ్గకుండా మనిషి మూడున్నర నిమిషాలు ఎక్కువ ఎలా నడిచాడు?

ఈ ప్రశ్నకు జవాబు ఆ అయిదు పేజీల్లో కొంతే ఉంది. మిగతాది తెలియాలంటే, జబ్బున్న గుండెను పడుకోబెట్టి కాకుండా పని చేయిస్తూ కొలవాలన్న ఆలోచన ఎక్కడ పుట్టి, ఎన్నిసార్లు దారి తప్పి, ఎలా వచ్చిందో చూడాలి.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలోని పెనుగొలను వంటి ఊళ్లలో ఈ జబ్బు ఏ పేరూ లేకుండానే వస్తుంది. మిరప కోతల్లో వరసలో అందరితో పాటు మొదలైన మనిషి చాలు సగానికి వచ్చేసరికి వెనకబడుతుంది. నీళ్ల బిందె ఎత్తుకుని నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తుంది. రక్తం తక్కువని ఒకరు, ఉబ్బసమని ఒకరు, గ్యాసని మరొకరు చెబుతారు. ఆర్‌ఎంపీ ఇచ్చిన బలం మందు సీసా అయిపోతుంది. బెజవాడ తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టి నాడి చూస్తే బాగానే ఉంటుంది, చేతి బీపీ బాగానే ఉంటుంది, ఈసీజీ కూడా మొదటి రోజుల్లో పెద్దగా ఏమీ చెప్పదు. కాళ్లకు నీరు పట్టి, మెడలో నరం ఉబ్బి, నడుస్తూ నడుస్తూ కళ్లు తిరిగి పడిపోయేనాటికి జబ్బు బాగా ముదిరిపోయి ఉంటుంది. పడుకున్న మనిషిలో కనపడకపోవడమే ఈ జబ్బు తొలి లక్షణం అంటే అతిశయోక్తి కాదు.

కారణం శరీరంలోనే ఉంది. ఊరికే కూర్చున్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. బస్తా మోస్తేనో, గబగబా గట్టెక్కితేనో అది 12 లీటర్లు, 15 లీటర్లు అవుతుంది. రక్తం మూడింతలయినా ఊపిరితిత్తుల్లో ఒత్తిడి మూడింతలు కాదు. విశ్రాంతిలో మూసుకుని ఉన్న సన్ననాళాలు ఎక్కడికక్కడ తెరుచుకుంటాయి, తెరిచి ఉన్నవి ఇంకాస్త సాగుతాయి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు ఎక్కువ వదిలిన రోజు మూసి ఉన్న తూములన్నీ ఎత్తేసినట్టు. పల్మనరీ హైపర్‌టెన్షన్‌లో ఈ సన్ననాళాలు పూడిపోతూ వస్తాయి. సగం దాకా పోయినా విశ్రాంతిలో ఒత్తిడి మామూలుగానే ఉండొచ్చు, ఎందుకంటే 5 లీటర్లకు మిగిలిన సగం చాలు. పని మొదలుపెట్టగానే ఆ సగం చాలదు. అప్పుడు బరువంతా గుండె కుడి కింది గది మీద పడుతుంది. ఎడమ గది గోడ దాదాపు సెంటీమీటరు మందం. కుడి గది గోడ మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లే. ఒళ్లంతటికీ రక్తాన్ని నెట్టే గది ఒకటి, పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు మెల్లగా పంపే గది ఒకటి. ఈ రెండో గది ఎక్కువ ఒత్తిడికి ఎదురు నిలిచేందుకు తయారైంది కాదు.

మరి దాన్ని కొలిచేదెలా? జవాబులో సగం 1870లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో దొరికింది. అడాల్ఫ్ ఫిక్ అనే శరీరశాస్త్రవేత్త ఒక చిన్న సభలో ఒక లెక్క చెప్పాడు. మనిషి నిమిషానికి ఎంత ఆక్సిజన్ పీల్చుకుంటున్నాడో తెలిస్తే, ఊపిరితిత్తుల్లోకి వెళ్లే రక్తంలోనూ బయటికి వచ్చే రక్తంలోనూ ఆక్సిజన్ ఎంతెంత ఉందో తెలిస్తే, మధ్యలో ఎంత రక్తం ప్రవహించిందో కట్టేయవచ్చు. నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ పీల్చుకున్నాడు, లీటరు రక్తం 50 మిల్లీలీటర్లు మోసింది అనుకుంటే, రక్తం 5 లీటర్లు. అయిదో తరగతి భాగహారం. ఫిక్ ప్రయోగం చెయ్యలేదు, లెక్క చెప్పి ఊరుకున్నాడు. చెయ్యాలన్నా బతికున్న మనిషి గుండె కుడివైపు నుంచి రక్తం ఎలా తీస్తారు?

తీయవచ్చని 1929లో తేలింది, అదీ ఒక ఇరవై అయిదేళ్ల కుర్ర డాక్టరు మొండితనం వల్ల. బెర్లిన్‌కు దగ్గర్లోని ఎబర్స్‌వాల్డె అనే చిన్న ఊరి ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ కొత్తగా చేరాడు. మోచేతి దగ్గరి సిరలోంచి గొట్టం దూర్చుకుంటూ పోతే గుండె దాకా చేరుతుందని అతని నమ్మకం. పై డాక్టరు వద్దన్నాడు. గెర్డా డిట్సెన్ అనే నర్సు, తన మీద చెయ్యండని ముందుకొచ్చింది. ఆమెను బల్లకు కట్టేసి, ఆమె చూడకుండా మత్తు సూది తన చేతికే వేసుకుని, మూత్రనాళాలకు వాడే 65 సెంటీమీటర్ల గొట్టాన్ని తన సిరలోకే నెట్టుకున్నాడు. తర్వాత ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫొటో తీయించాడు. గొట్టం లోపల ఉండగానే అంత దూరం, మెట్లతో సహా, నడిచానని, ఇబ్బందేమీ అనిపించలేదని ఆయన తన వ్యాసంలోనే రాసుకున్నాడు. ఈ వాక్యాన్ని చాలామంది సాహసగాథలో భాగంగా చదివి వదిలేస్తారు. గుండెకు గొట్టం వేసుకున్న మనిషి కదలొచ్చు, నడవొచ్చు, మెట్లెక్కొచ్చు అన్న తొలి సాక్ష్యం నిజానికి ఆ వాక్యమే. దాని విలువ తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఫోర్స్‌మన్‌కు మాత్రం పేరు రాలేదు, పైగా చీవాట్లు పడ్డాయి. యూరాలజీకి మారిపోయాడు.

గొట్టాన్ని పనిముట్టుగా మార్చింది న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రి. అది ఊళ్లోని పేదలంతా వచ్చే ప్రభుత్వాసుపత్రి. ఫ్రాన్స్ నుంచి వచ్చి స్థిరపడిన ఆంద్రె కూర్నాండ్, డికిన్సన్ రిచర్డ్స్ కలిసి 1941 నుంచి రోగుల గుండె కుడివైపు గొట్టం వేసి రక్తం తీయడం, ఒత్తిడి చూడడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకే గొట్టం ఊపిరితిత్తుల ధమనిలోకి చేరింది. ఆ తర్వాత పడుకున్న రోగి చేత కాళ్లు ఆడించడమే తరవాయి. 1948లో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి రైలీ, కూర్నాండ్ బృందానిది. మరొకటి హికం, కార్గిల్ రాసినది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కాళ్లు ఆడిస్తే గుండె పంపే రక్తం పెరిగింది, ఊపిరితిత్తుల ఒత్తిడి పెద్దగా పెరగలేదు. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లలో, కొన్నిరకాల గుండె జబ్బులున్నవాళ్లలో ఒత్తిడి చప్పున ఎగిసింది. విశ్రాంతిలో దాక్కున్నది పనిలో బయటపడింది. 1956లో కూర్నాండ్, రిచర్డ్స్‌లతో పాటు ఫోర్స్‌మన్‌కూ నోబెల్ వచ్చింది. అప్పటికి ఆయన ఒక చిన్న జర్మన్ పట్నంలో యూరాలజీ డాక్టరు.

మన దేశానికి ఈ విద్య వేరే దారిలో వచ్చింది. పాశ్చాత్యులకు కనపడని రోగులు మనకు కళ్లెదుటే ఉన్నారు.

వాళ్లలో మొదటి వరస కీళ్లవాతం వల్ల గుండె వాల్వు మూసుకుపోయినవాళ్లు. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆనక కీళ్లనొప్పులు, కొన్నేళ్లకు ఎడమవైపు మైట్రల్ వాల్వు సన్నబడటం, దాని వెనక రక్తం నిలిచి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి. పాశ్చాత్య పుస్తకాల్లో ఇది నడివయసు జబ్బు, వాల్వు మూసుకోవడానికి దశాబ్దాలు పడుతుందని ఉండేది. 1963లో లాన్సెట్‌లో వచ్చిన ఒక వ్యాసం భారతదేశంలో ఇరవై ఏళ్లు నిండని పిల్లల్లోనే వాల్వు బిగుసుకుపోతోందని చూపించింది. రాసినవారిలో ముందున్నది ఢిల్లీ ఎయిమ్స్ గుండె వైద్యుడు సుజయ్ బి. రాయ్. చివరి పేరు వులిమిరి రామలింగస్వామిది. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, తర్వాత ఎయిమ్స్‌కు డైరెక్టరు, ఆనక భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయిన మనిషి. గాయిటర్ మీద చేసిన పనికే ఆయన పేరు ఎక్కువగా తలుచుకుంటారు. జబ్బుపడిన కణజాలాన్ని చదివే పాథాలజిస్టు, గొట్టం వేసి ఒత్తిడి చదివే గుండె వైద్యుడు ఒకే వ్యాసం మీద కూర్చోవడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు.

ఈ వాల్వు జబ్బులోనూ నడక సంగతే ముఖ్యం. 1951లో బోస్టన్‌లో రిచర్డ్ గార్లిన్, లూయిస్ డెక్స్టర్ బృందం మైట్రల్ వాల్వు సన్నబడిన రోగుల చేత వ్యాయామం చేయిస్తూ కొలిచింది. గుండె వేగం పెరిగితే వాల్వు తెరుచుకుని ఉండే సమయం తగ్గుతుంది, వెళ్లాల్సిన రక్తం పెరుగుతుంది. వెనక ఒత్తిడి ఉన్నట్టుండి ఎక్కేస్తుంది. గర్భిణిగా ఉన్నప్పుడో, జ్వరం వచ్చినప్పుడో, నాట్ల కాలంలోనో ఈ రోగులు ఎందుకు ఒక్కసారిగా కుప్పకూలుతారో దీంతో తెలిసింది. దక్షిణాదిలో ఇలాంటి రోగులకు పెద్ద దిక్కు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. గుండె ఆపకుండా, వేలితోనో పరికరంతోనో వాల్వును విప్పే ఆపరేషన్లు అక్కడ వేలల్లో జరిగాయి. స్టాన్లీ జాన్ బృందం 1983లో ప్రకటించిన లెక్కలోనే 3,724 మంది ఉన్నారు.

రెండో వరస వంటింట్లో ఉంది. ఎస్. పద్మావతి బర్మాలో పుట్టి, అమెరికాలో హెలెన్ టాసిగ్, పాల్ డడ్లీ వైట్‌ల దగ్గర గుండె వైద్యం నేర్చి, 1954లో ఢిల్లీ లేడీ హార్డింజ్ కాలేజీలో గుండెకు గొట్టం వేసి చూసే క్యాథ్ ల్యాబ్ పెట్టారు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల కుడి గుండె దెబ్బతిన్న రోగుల మీద ఆమె 1959లో సర్క్యులేషన్ పత్రికలో రాశారు. విదేశాల్లో ఇది పొగతాగే మగవాళ్ల జబ్బు. ఢిల్లీలో ఆడవాళ్లూ మగవాళ్లంత మంది ఉన్నారు, పైగా మగవాళ్ల కంటే చిన్న వయసులోనే మంచాన పడుతున్నారు. చుట్టా బీడీ ముట్టనివాళ్లు. పద్మావతి వేలు చూపింది పిడకల పొయ్యి వైపు, కట్టెల పొయ్యి వైపు. కిటికీ లేని వంటింట్లో ఇరవై ఏళ్లు ఊదిన పొయ్యి పొగ ఊపిరితిత్తుల్ని, ఆ వెనకే గుండె కుడివైపును తినేసింది. పత్తి కట్టె, మిరప కట్టె పొయ్యిలో పెట్టిన తిరువూరు ప్రాంతపు ఇళ్లకు ఇది దూరపు ఢిల్లీ సంగతి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం 1999లో మొదలైంది. అంతకుముందు రెండు తరాల స్త్రీల ఆయాసానికి ఎవరూ కొలత పెట్టలేదు. వయసు మీద పడిందనుకున్నారు.

మూడోది హిమాలయం. 1962 యుద్ధంలో మైదానాల నుంచి ఉన్నట్టుండి ఎత్తుకు చేరిన సైనికుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయినవారున్నారు. సుజయ్ రాయ్ బృందం ఆ రోగులకు గొట్టం వేసి చూసి 1969లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించింది. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల నాళాలు ముడుచుకుంటాయి, ఒత్తిడి ఎగుస్తుంది. ఎక్కిన వెంటనే బరువు మోయించడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంతలో ఐరోపాలో ఒక అనర్థం జరిగింది. 1965లో స్విట్జర్లాండ్, జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో అమినోరెక్స్ అనే ఆకలి తగ్గించే మాత్ర అమ్మకానికొచ్చింది. సన్నబడాలనుకున్నవాళ్లు వేసుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఆయాసంతో వచ్చేవాళ్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. గొట్టం వేస్తే ఊపిరితిత్తుల ఒత్తిడి. 1968లో మాత్రను తీసేశారు. అప్పటిదాకా డాక్టర్లు జీవితంలో ఒకటో రెండో కేసులు చూసే ఈ జబ్బు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 1973లో జెనీవాలో సమావేశం పెట్టాల్సి వచ్చింది. ఎంత ఒత్తిడి దాటితే జబ్బు అనాలి? విశ్రాంతిలో సగటున 25 మిల్లీమీటర్లు అనే గీత ఆ చర్చల్లో స్థిరపడింది. దాని పక్కనే రెండో గీత కూడా వాడుకలోకొచ్చింది: వ్యాయామంలో 30 దాటితే కూడా జబ్బే. అమెరికాలో 1981లో మొదలై 32 కేంద్రాల నుంచి 187 మంది రోగుల్ని చేర్చిన రిజిస్ట్రీ ఈ రెండు గీతల్నీ పెట్టుకుంది. జబ్బు తేలిన తర్వాత సగం మంది మూడేళ్లు కూడా బతకలేదని ఆ రిజిస్ట్రీ చెప్పింది.

కొలిచే గొట్టమూ ఈలోగా మెరుగయింది. 1970లో లాస్ ఏంజెలెస్‌లో స్వాన్, గాంజ్ కొనకు చిన్న బుడగ ఉన్న గొట్టం తెచ్చారు. శాంటా మోనికా తీరంలో గాలికి తెరచాప నింపుకుని పోయే పడవల్ని చూసి స్వాన్‌కు ఆ ఊహ వచ్చిందంటారు. రక్తప్రవాహమే బుడగను ఊపిరితిత్తుల ధమనిలోకి లాక్కుపోతుంది. ఇంత సులువయ్యాక వ్యాయామంలో కొలవడం అన్నిచోట్లా పెరగాలి. పెరగలేదు. క్యాథ్ ల్యాబ్ బల్ల మీద సైకిల్ పెడల్ బిగించాలి, రోగి తొక్కాలి, ఒకరు నోటికి గొట్టం పెట్టి శ్వాస కొలవాలి, ఒకరు రక్తం తీయాలి. కాళ్లు ఆడుతుంటే గీత ఊగుతుంది, ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా ఒత్తిడి అంకె ఎగిరి పడుతుంది. పెద్ద ఆసుపత్రికీ అది ఒక పూట పని.

అందుకే గొట్టంతో పని లేని దారులు వెతికారు. ఒకటి ఎకో. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ మొదలుపెట్టిన ఈ పరీక్షకు రక్తపు వేగాన్ని కొలిచే డాప్లర్ తోడయ్యాక, 1984 నాటికి యాక్, పాప్ అనే అమెరికన్ వైద్యులు కుడి వాల్వులోంచి వెనక్కి కారే రక్తపు వేగాన్నిబట్టి ఒత్తిడి కట్టే పద్ధతి చూపించారు. వేగాన్ని దానితోనే గుణించి, మళ్లీ నాలుగుతో గుణించడం. సెకనుకు 4 మీటర్ల వేగమంటే 64 మిల్లీమీటర్లు, దానికి పై గది ఒత్తిడి కలుపుకోవాలి. సూది లేదు, కోత లేదు. వ్యాయామంలో మాత్రం ఊపిరితిత్తులు గాలితో ఉబ్బి గుండెకు అడ్డొస్తాయి, బొమ్మ చెదురుతుంది.

రెండోది నడక. దీని పుట్టుక గుండె జబ్బుల్లో కాదు, సైన్యంలో. అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో పన్నెండు నిమిషాల పరుగు పరీక్ష పెట్టాడు. బ్రిటన్ ఛాతీ వైద్యులు దాన్ని రోగుల కోసం పన్నెండు నిమిషాల నడకగా మార్చారు. 1982లో బట్‌లాండ్ బృందం ఆరు నిమిషాలు కూడా చాలని చూపింది. ఊపిరి ఆడని మనిషిని అదనంగా మరో ఆరు నిమిషాలు హింసించడం దేనికని అడగడానికి అన్నేళ్లు పట్టడం వింతే. 30 మీటర్ల వరండా, అటొక గుర్తు ఇటొక గుర్తు, చేతిలో గడియారం. రోగి తన వేగంతో నడుస్తాడు, ఆగాలంటే ఆగుతాడు, పరుగెత్తకూడదు. డాక్టరు నిమిషానికోసారి నిర్ణయించిన మాటలే అనాలి, కేకలేసి ఉత్సాహపరచకూడదు. 1996లో ఎపోప్రోస్టెనాల్ అనే మందు పరీక్షలో 81 మంది రోగుల మీద ఈ నడకే గీటురాయి అయింది. మందు తీసుకున్నవాళ్లు 315 మీటర్ల నుంచి 362కు పెరిగారు, తీసుకోనివాళ్లు 270 నుంచి 204కు పడిపోయారు. పన్నెండు వారాల్లో చనిపోయిన ఎనిమిది మందీ మందు తీసుకోనివాళ్లే. అయితే ఈ మందు రాత్రింబగళ్లు సిరలోకి పంపుతో ఎక్కుతూనే ఉండాలి. ఆగితే ప్రాణం మీదికొస్తుంది. కరెంటు పోతే చార్జింగ్ లేని ఊళ్లో ఆ మందుకు చోటు లేదు.

హైదరాబాద్ వైద్యులు సిల్డెనాఫిల్ వైపు చూసింది ఈ పరిస్థితిలో. అది 1998లో మగతనపు మాత్రగా అమెరికాలో విడుదలై ప్రపంచమంతా జోకులకు ముడిసరుకైన మందు. ఊపిరితిత్తుల నాళాల్లో అది అడ్డుకునే ఎంజైము పుష్కలంగా ఉంటుంది. నాళం సడలుతుంది. 2000ల ఆరంభానికే మన కంపెనీల మాత్రలు తక్కువ ధరకు దొరికేవి. శాస్త్రి బృందం 2002లోనే ఇండియన్ హార్ట్ జర్నల్‌లో తొలి ఫలితాలు రాసి, ఆ తర్వాత అసలు పరీక్షకు దిగింది. ఎవరు ఏ మాత్ర మింగుతున్నారో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఆరు వారాల తర్వాత మాత్రలు తారుమారు. ప్రతి రోగీ తనతో తానే పోటీ. బరువునుబట్టి రోజుకు మూడుసార్లు 25 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా. ట్రెడ్‌మిల్ మీద వాడింది నాటన్ పద్ధతి. మామూలు ట్రెడ్‌మిల్ పరీక్షలో వాడే బ్రూస్ పద్ధతి మూడేసి నిమిషాలకోసారి వేగమూ ఏటవాలూ పెంచి ఆరోగ్యవంతుడికే చెమటలు పట్టిస్తుంది. నాటన్ చిన్న చిన్న అడుగుల్లో పెంచుతుంది. నడుస్తూ స్పృహ తప్పే ప్రమాదమున్న రోగులకు అదే సబబు.

ఇప్పుడా చిక్కు ప్రశ్న. ఒత్తిడి దాదాపు అక్కడే ఉంది గానీ గుండె పంపే రక్తం పెరిగింది. శరీర ఉపరితలం చదరపు మీటరుకు నిమిషానికి 2.80 లీటర్ల నుంచి 3.45 లీటర్లకు. నాళాలు సడలాయి, సడలిన చోటును గుండె ఖాళీగా ఉంచలేదు, ఎక్కువ రక్తంతో నింపింది. అందుకే ఒత్తిడి అంకె దిగలేదు, కాళ్లకు ఆక్సిజన్ మాత్రం అందింది. ఒత్తిడి ఒక్కటే చూసినవాళ్లు ఆ మందు పనిచెయ్యలేదని రాసేవాళ్లు. 2005లో ప్రకటించిన, 278 మందితో జరిగిన అంతర్జాతీయ పరీక్ష ఆరు నిమిషాల నడకలో 45 నుంచి 50 మీటర్ల మెరుగుదల చూపింది, అమెరికా ప్రభుత్వం మందుకు అనుమతిచ్చింది. పెద్ద పరీక్షకే పేరెక్కువ వచ్చింది. 22 మందితో చేసిన పరీక్షను ఆ రంగంలో పనిచేసేవాళ్లు మరిచిపోలేదు గానీ, తెలుగు పత్రికల్లో దాని గురించి రాయాల్సినంత రాయలేదు.

ఒత్తిడి ఒక్కటే చూడడం ఎంత మోసమో గైడ్‌లైన్లు రాసేవాళ్లు ఇంకో దారిలో తెలుసుకున్నారు. 2008లో కాలిఫోర్నియాలోని డానా పాయింట్‌లో ప్రపంచ నిపుణులు కూడినప్పుడు వ్యాయామంలో 30 అన్న గీతను చెరిపేశారు. కారణం ఆస్ట్రియాలోని గ్రాజ్ నుంచి వచ్చింది. గాబర్ కోవాక్స్ బృందం పాత వ్యాసాలన్నీ తవ్వి, 13 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాల్లోంచి 1,187 మంది ఆరోగ్యవంతుల అంకెలు పోగేసింది. విశ్రాంతిలో సగటు ఒత్తిడి 14. కొద్దిపాటి వ్యాయామంలో యాభై ఏళ్ల లోపువాళ్లకు 19, యాభై దాటినవాళ్లకు 29. అంటే ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు సైకిల్ కాస్త తొక్కితేనే 30 గీత మీద నిలబడుతున్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంఖ్య అలా పోయింది. దాంతోపాటు వ్యాయామంలో కొలిచే అలవాటూ కొంతకాలం మూలపడింది. గీత తప్పయితే కొలతే తప్పన్నట్టు ప్రవర్తించడం వైద్యంలోనూ జరుగుతుంది.

వ్యాయామంలో కొలత తిరిగొచ్చింది 2022లో, ఐరోపా గుండె, శ్వాస వైద్య సంఘాల ఉమ్మడి మార్గదర్శకాల్లో. ఈసారి ఒక అంకె కాదు, వాలు. విశ్రాంతి నుంచి వ్యాయామానికి వెళ్లేటప్పుడు గుండె ఒక్కో లీటరు ఎక్కువ పంపినందుకు ఒత్తిడి ఎంత పెరిగిందో చూడాలి. 3 దాటితే తేడా ఉన్నట్టు. ఇద్దరు మనుషుల్ని తీసుకుంటే, ఇద్దరికీ విశ్రాంతిలో 5 లీటర్లు, ఒత్తిడి 18. తొక్కించాక మొదటివాడు 12 లీటర్లు పంపుతూ 32కు చేరాడు. ఏడు లీటర్లకు పద్నాలుగు పెరిగింది, వాలు 2. రెండోవాడు 8 లీటర్ల దగ్గరే ఆగిపోయి 33కు చేరాడు. మూడు లీటర్లకు పదిహేను, వాలు 5. పాత గీత ఇద్దరికీ జబ్బు అంటగట్టేది. కొత్త లెక్క మొదటివాణ్ణి ఇంటికి పంపి రెండోవాణ్ణి ఆపుతుంది. విశ్రాంతి గీత కూడా ఈలోగా 25 నుంచి 20కి దిగింది.

అయితే ఈ వాలు కట్టడానికి మళ్లీ గొట్టమూ పెడలే కావాలి. తిరువూరు నుంచి డెబ్బై కిలోమీటర్లు బస్సులో వచ్చిన మనిషికి ముందు దొరికేది ఎకో, ఆ తర్వాత వరండాలో ఆరు నిమిషాల నడక. వాటితోనే చాలా సంగతులు బయటపడతాయి: నడిచిన దూరం, వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ ఎంత పడింది, నడక ఆపాక నాడి ఎంతసేపటికి దిగింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్ల విషయంలో ఆ దూరాన్ని నమ్మడానికి లేదు. ఎకోలో అనుమానం బలంగా ఉంటే, మందు మొదలుపెట్టేముందు గొట్టం వేసి నిర్ధారించుకోవాల్సిందేనని మార్గదర్శకాలన్నీ చెబుతాయి.

వ్యాయామంలో మాత్రమే బయటపడే ఈ తొలి దశకు మందు ఇవ్వాలా అన్నది ఇంకా తేలలేదు. జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులు చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా రోగుల్లో ఒత్తిడి అప్పుడప్పుడే పెరుగుతున్నవాళ్లను 38 మందిని తీసుకుని, ఆంబ్రిసెంటన్ అనే మాత్రతో ఆరు నెలలు పరీక్షించి 2019లో ప్రకటించారు. ముందుగా పెట్టుకున్న గీటురాయి సగటు ఒత్తిడి. అందులో రెండు వర్గాల మధ్య తేడా రాలేదు, లెక్క ప్రకారం పరీక్ష విఫలమైనట్టే. నాళాల నిరోధం మాత్రం మందు తీసుకున్నవాళ్లలో విశ్రాంతిలోనూ వ్యాయామంలోనూ తగ్గింది, గుండె పంపే రక్తం పెరిగింది.